శాలిహుండం

శాలిహుండం, శ్రీకాకుళం జిల్లా, గార మండలానికి చెందిన గ్రామము. ఇది వంశధార నదికి దక్షిణపు ఒడ్డున, శ్రీకాకుళం పట్టణానికి సుమారు 18 కి.మీ. దూరములో ఉన్నది. ఇక్కడి కొండపై ప్రాచీన బౌద్ధారామ శిథిలాలు గలవు. నదీతీర ప్రకృతిని, చరిత్రను ఒకేచోట చూడదగిన ప్రదేశమిది.

చరిత్ర

ఈ శిథిలాలను 1919లో గిడుగు రామమూర్తి గుర్తించాడు. తవ్వకాలలో ఇటుక స్తూపాలు, చైత్యగృహాలు, ధాతుపేటికలు, తార, మారీచి విగ్రహాలు బయల్పడినవి. థేరవాద, మహాయాన, వజ్రయాన దశలు మూడింటి ఆనవాళ్ళూ ఇక్కడ కనిపిస్తాయి. వంశధార సముద్రములో కలిసే కళింగపట్నం ప్రాచీన ఓడరేవు. అది చేరువలో ఉండుట ఆరామ అభివృద్ధికి తోడ్పడి ఉండవచ్చును.

సందర్శన

నరసన్నపేట నుండి వచ్చేవారు మడపాం వద్ద జాతీయ రహదారి వంతెనపై వంశధారను దాటి దక్షిణపు ఒడ్డుకు చేరవలెను. కొండపై నుండి నదిని, ఇసుక తిన్నెలను, పొలాలను చూడవచ్చును. ఎండ తక్కువగా ఉండే ఉదయ, సాయంకాలాలు కొండ ఎక్కుటకు అనుకూలము.

జాగ్రత్తలు

వంశధార ఒడిషా కొండలలో పుట్టినది. అక్కడ భారీ వర్షాలు కురిసినచో, ఇక్కడ వాన లేకున్నను వరద రాగలదు. కనుక వర్షాకాలములో నదిలోనికి దిగరాదు. ఈ స్థలము భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. శతాబ్దాల నాటి ఇటుకలు కదిలిపోవును గనుక స్తూపాలపైకి ఎక్కరాదు.