అంతరించే జాతుల వ్యాపార అనుమతులు: ఆంధ్రప్రదేశ్‌లో చరిత్ర

అంతరించిపోయే ప్రమాదమున్న మొక్కలు, జంతువులు, వాటి నుంచి తయారైన సరుకులు ఒక దేశం నుంచి మరో దేశానికి పోవాలంటే ఆయా ప్రభుత్వాలు ఇచ్చే పత్రాలు ఉండాలి. వీటిలో ప్రధానమైనవి ఎగుమతి, దిగుమతి, పునరెగుమతి అనుమతులు. 1973 మార్చి 3న వాషింగ్టన్‌లో కుదిరిన సైటీస్ ఒప్పందం వీటికి ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ అనుమతుల చరిత్ర చాలావరకు ఎర్రచందనం చరిత్రే. అడవిలో నరికిన దుంగ, తోటలో పెంచిన దుంగ, పోలీసులు పట్టుకున్న దుంగ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఏది ఎక్కడిదో తేల్చడమే ఈ పత్రాల ముందున్న చిక్కు.

చెట్టు, గిరాకీ

ఎర్రచందనం (రక్తచందనం) చిక్కుడు కుటుంబానికి చెందిన చెట్టు. సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు దీని నెలవు. పాత జిల్లాల లెక్కన కడప, చిత్తూరు, నెల్లూరు ప్రాంతాలు. రాతినేలల్లో, తక్కువ వానకు మెల్లగా ఎదుగుతుంది. చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. ధర పలికేది ఆ ఎర్రని చేవకే. అలలు తేలినట్టుండే నార ఉన్న దుంగకు మరింత విలువ.

చేవలోని శాంటలిన్ అనే రంగు పదార్థం కోసం ఐరోపా వర్తకులు దీన్ని కోరమండల్ తీరం నుంచి కొనేవారు. తిరుపతి రాజా-రాణి బొమ్మలకు ఇదే చెక్క. జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీవాద్యం మెడను మేలైన ఎర్రచందనంతో చేస్తారు. చైనాలో మింగ్, చింగ్ చక్రవర్తుల కాలం నుంచి దీనితో చేసిన సామాను హోదాకు గుర్తు. 1999లో బీజింగ్‌లో ఈ చెక్క పనితనానికే ఒక మ్యూజియం వెలిసింది. చెట్టు ఉన్నది రాయలసీమ, నెల్లూరు కొండల్లో, పెద్ద గిరాకీ ఉన్నది తూర్పు ఆసియాలో. అందువల్ల రాష్ట్రంలోని అడవి చట్టం ఒక్కటే దీన్ని కాపాడలేకపోయింది.

దేశీయ అదుపు నుంచి అంతర్జాతీయ అదుపుకు

మొదట్లో అదుపంతా రాష్ట్రం లోపలిదే. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద 1969లో చందనం, ఎర్రచందనం రవాణా నియమాలు వచ్చాయి. దుంగ కదలాలంటే అటవీ శాఖ రవాణా పత్రం తప్పనిసరైంది.

సైటీస్ 1975 జూలై 1న అమల్లోకి వచ్చింది. భారతదేశం 1976 జూలైలో దాన్ని ధ్రువీకరించింది. జపాన్ 1980లో, చైనా 1981లో సభ్యులయ్యాయి. ఒప్పందం జాతులను మూడు అనుబంధాలుగా విడదీస్తుంది. అంతరించే అంచున ఉన్నవి మొదటి అనుబంధంలో ఉంటాయి. వ్యాపారం అదుపు తప్పితే ఆ స్థితికి చేరేవి రెండో దాంట్లో, ఏదైనా ఒక దేశం ఇతరుల సాయం కోరినవి మూడో దాంట్లో ఉంటాయి. 1994లో ఫోర్ట్ లాడర్‌డేల్‌లో జరిగిన సభ్యదేశాల సమావేశం ఎర్రచందనాన్ని రెండో అనుబంధంలో చేర్చింది. 1995 ఫిబ్రవరి 16 నుంచి అది అమలైంది.

ఒకే కొండలు, రెండు రకాల పత్రాలు

ఎర్రచందనం పెరిగే కొండల్లోనే బెడ్డోమ్ సైకస్ అనే మరో స్థానిక మొక్క ఉంది. కడప కొండల్లో సేకరణ జరిపిన అటవీ అధికారి రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ పేరు దానికి పెట్టారు. దాని మగ కంకులను నాటు వైద్యానికి కోసేస్తారు. 1987లో అది మొదటి అనుబంధానికి మారింది. 1991 సవరణతో వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆరో షెడ్యూలులోకీ ఎక్కింది.

ఈ రెండు మొక్కలను పక్కపక్కన పెడితే దిగుమతి అనుమతి పాత్ర తెలుస్తుంది. మొదటి అనుబంధంలోని జాతికి రెండు పత్రాలు కావాలి. తెప్పించుకునే దేశం ముందు దిగుమతి అనుమతి ఇవ్వాలి. ఆ దిగుమతి జాతి మనుగడకు చేటు కాదని అక్కడి శాస్త్రీయ సంస్థ తేల్చాలి. ముఖ్యోద్దేశం వ్యాపారం కాదని అక్కడి ప్రభుత్వానికి నమ్మకం కలగాలి. అది వచ్చాకే పంపే దేశం ఎగుమతి అనుమతి ఇస్తుంది. రెండో అనుబంధానికి ఎగుమతి అనుమతి ఒక్కటే చాలు. దించుకునే రేవులో కస్టమ్స్ అధికారి దాన్ని సరిచూసుకుంటే సరి. అంటే ఎర్రచందనం విషయంలో బరువంతా పంపే దేశం మీదే పడింది. కావాలనుకున్న దేశాలు ఇంతకన్నా గట్టి నియమం పెట్టుకోవచ్చు. రెండో అనుబంధంలోని చాలా జాతులకూ ఐరోపా సమాఖ్య 1997 నుంచి దిగుమతి అనుమతి అడుగుతోంది.

పత్రంలోని ఒక్క అక్షరం

సైటీస్ పత్రంలో జాతి శాస్త్రీయ నామం, పరిమాణం, పంపేవారు, అందుకునేవారు, ఉద్దేశం ఉంటాయి. ఎగుమతి అనుమతి గడువు ఆరు నెలలు, దిగుమతి అనుమతికి పన్నెండు నెలలు. వీటన్నిటికన్నా కీలకమైనది మూలాన్ని చెప్పే సంకేతాక్షరం. అడవిలోదైతే డబ్ల్యూ, కృత్రిమంగా పెంచినదైతే ఏ, జప్తు చేసినదైతే ఐ, ఒప్పందానికి ముందు సేకరించినదైతే ఓ.

అడవిలో పెరిగిన ఎర్రచందనం ఎగుమతిని భారత్ నిషేధించింది. కాబట్టి చట్టబద్ధంగా పోగల దుంగ తోటదో, జప్తుదో అయి ఉండాలి. అడవి దుంగను తోట దుంగగా చూపించడానికి దొంగ పత్రాలు పుట్టేది ఇక్కడే. పత్రాల బెడదే వద్దనుకునేవారు కంటైనర్లలో వేరే సరుకు కింద దాచి రేవులు దాటించారు. నేపాల్ మీదుగా రోడ్డు దారినీ వాడుకున్నారు.

ఒప్పందంలోనూ ఒక సందు ఉంది. ఎర్రచందనానికి ఉన్న వ్యాఖ్య ప్రకారం దుంగలు, చెక్కముక్కలు, పొడి, సారం మాత్రమే అదుపు కిందికి వస్తాయి. తయారైన మేజా బల్లకు, వాద్యానికి సైటీస్ పత్రం అక్కర్లేదు.

జప్తు దుంగల అమ్మకం

పట్టుబడిన దుంగలు అటవీ శాఖ గోదాముల్లో వేల టన్నులు పేరుకున్నాయి. కాపలా ఖర్చు ఒకవైపు, ఎండకు వానకు సరుకు చెడిపోవడం మరోవైపు. దేశం మొత్తం మీద 11,806 టన్నుల జప్తు చెక్కను ఒక్కసారికి ఎగుమతి చేసుకోవడానికి, పెంచిన చెక్కను ఏటా 310 టన్నుల దాకా పంపడానికి సైటీస్ వ్యవస్థలో వీలు దొరికింది. 2013 అక్టోబరులో కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఆంధ్రప్రదేశ్‌కు 8,584 టన్నులకు పైగా దుంగల ఎగుమతికి అనుమతిచ్చింది. 2014 చివర్లో ప్రభుత్వ రంగ సంస్థ ఎం.ఎస్.టి.సి. ద్వారా ఈ-వేలం మొదలైంది. దుంగలను ఏ, బి, సి గ్రేడులుగా విడదీసి అమ్మారు. సరుకంతా ఒక్క విడతలో అమ్ముడుపోకపోవడంతో ఎగుమతి గడువును పలుమార్లు పొడిగించాల్సి వచ్చింది.

అదే కాలంలో అడవిలో రక్తం పారింది. 2013 డిసెంబరులో తిరుమల అడవుల్లో ఇద్దరు అటవీ అధికారులను స్మగ్లర్ల ముఠా చంపింది. తర్వాత తిరుపతి కేంద్రంగా ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ ఏర్పడింది. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది మరణించారు. వారు చెట్లు నరకడానికి వచ్చిన కూలీలని, ఎన్‌కౌంటర్ బూటకమని హక్కుల సంఘాలు ఆరోపించాయి. 2016లో రాష్ట్రం అటవీ చట్టాన్ని సవరించి ఎర్రచందనం నేరాలకు శిక్షలు పెంచింది. దర్శకుడు సుకుమార్ 2021లో తీసిన ‘పుష్ప’తో ఈ దొంగరవాణా దేశమంతటా సినిమా కథగా తెలిసింది.

సమీక్ష, విడుదల

2004లో సైటీస్ భారత ఎర్రచందనాన్ని గణనీయ వ్యాపార సమీక్ష కిందికి తెచ్చింది. ఎగుమతి చేసే దేశం అడవికి చేటు లేదని ఆధారాలతో చూపించే ప్రక్రియ ఇది. చూపలేకపోతే వ్యాపారం ఆపేయమని సభ్యదేశాలకు సిఫారసు వెళ్లవచ్చు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితా అంచనా కూడా ఈ మధ్య ఊగిసలాడింది. అంతకుముందు ‘ప్రమాదంలో ఉన్న’ జాతిగా ఉన్నదాన్ని 2018లో ‘ప్రమాదపుటంచున’ అనే తేలిక వర్గానికి మార్చి, 2021లో మళ్లీ వెనక్కి చేర్చారు.

సొంత భూముల్లో చెట్లు పెంచినవారి ఇబ్బంది వేరు. సమీక్ష నీడలో వారి సరుకుకూ అనుమతి దొరకడం కష్టమైంది. 2019లో కేంద్రం ఎగుమతి విధానాన్ని సవరించి ప్రైవేటు భూముల్లో పెంచిన చెక్కకు దారి తెరిచింది. 2023 నవంబరులో జెనీవాలో సమావేశమైన సైటీస్ స్థాయీ సంఘం భారత్‌ను సమీక్ష నుంచి తప్పించింది. అడవి చెట్టు ఎగుమతిపై నిషేధం మాత్రం అలాగే ఉంది.

దిగుమతి వైపు

చాలాకాలం దేశంలో సైటీస్‌కు సొంత చట్టం లేదు. 1962 నాటి కస్టమ్స్ చట్టం, 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టంతో నెట్టుకొచ్చారు. విదేశీ పక్షులు, సరీసృపాలు దేశంలోకి వచ్చాక వాటి లెక్క అడిగేవారు లేకపోయారు. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ స్వచ్ఛంద వెల్లడి పథకం తెచ్చింది. కొత్తగా దిగుమతి చేసుకునేవారు రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని, డైరెక్టరేట్ జనరల్ నుంచి లైసెన్సు పొందాలని చెప్పింది.

2022 వన్యప్రాణి సవరణ చట్టం 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి ఈ లోటు తీర్చింది. సైటీస్ జాబితా నాలుగో షెడ్యూలైంది. అనుమతులిచ్చే నిర్వహణాధికారి, సలహా ఇచ్చే శాస్త్రీయ సంస్థలు చట్టంలోకి వచ్చాయి. 2024 ఫిబ్రవరి నియమాలు నాలుగో షెడ్యూలులోని సజీవ జంతువులున్నవారు ఆరు నెలల్లో కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలన్నాయి. దీంతో ఎర్రచందనం వాసనే తెలియని డెల్టా ఊళ్లకూ సైటీస్ వచ్చింది. అలాంటి ఊరిలో ఎవరైనా ఆఫ్రికన్ గ్రే చిలుకను పెంచుకుంటే నమోదు తప్పనిసరి. ఆ చిలుక 2017 జనవరి నుంచి మొదటి అనుబంధంలో ఉంది. పక్క పంజరంలోని బడ్జీలకు, కాకటీల్‌లకు ఆ అవసరం లేదు. చిలుకలన్నిటినీ జాబితాలో చేర్చినప్పుడు వీటిని మినహాయించారు.

పరిమితులు

సైటీస్ పత్రం సరిహద్దు దగ్గర మాత్రమే పనిచేస్తుంది. కొండమీద గొడ్డలి వేటును అది ఆపలేదు. కొనే దేశంలో బల్లగా మారిన చెక్కను గుర్తుపట్టదు. జప్తు చెక్క అమ్మకం నల్లబజారు గిరాకీని తగ్గిస్తుందా, కొత్త దొంగతనాలకు ముసుగవుతుందా అన్న వాదం ఇంకా తెగలేదు. తోట చెక్కకు దారి తెరుచుకున్నకొద్దీ భారం మళ్లీ కింది స్థాయి మీదికే వస్తుంది. ఏ సర్వే నంబరులో ఎన్ని చెట్లు నాటారు, ఎప్పుడు నరికారు, ఎంత చేవ వచ్చింది అన్న లెక్కలు నాటిన రోజు నుంచీ రాసి ఉంటేనే పత్రంలోని ‘ఏ’ అక్షరాన్ని దించుకునే రేవు నమ్ముతుంది.