ఉబ్బసం ఇన్‌హేలర్లు

ఉబ్బసం మందును నేరుగా శ్వాసనాళాలకు చేర్చే చేతి పరికరం ఇన్‌హేలర్. మందు అవసరమైన చోటికే చేరుతుంది కాబట్టి చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. సాల్బుటమాల్ మాత్రలో 2 లేదా 4 మిల్లీగ్రాముల మందు ఉంటే, ఇన్‌హేలర్ ఒకసారి నొక్కితే వచ్చేది సాధారణంగా 100 మైక్రోగ్రాములే. ఇన్‌హేలర్లను రెండు విధాలుగా వర్గీకరిస్తారు. పరికరాన్ని బట్టి ఎలా పీల్చాలో, అందులోని మందును బట్టి ఎప్పుడు వాడాలో తెలుస్తుంది.

చరిత్ర

నొక్కితే కొలత ప్రకారం మందు వెలువడే తొలి ఇన్‌హేలర్‌ను అమెరికాకు చెందిన రైకర్ లేబొరేటరీస్ 1956లో విడుదల చేసింది. 1969లో సాల్బుటమాల్, 1972లో బెక్లోమెటాసోన్ అనే స్టెరాయిడ్ ఇన్‌హేలర్లుగా బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చాయి. ఓజోన్ పొరను కాపాడేందుకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం తర్వాత, వీటిలో మందును బయటికి నెట్టే క్లోరోఫ్లోరోకార్బన్ల స్థానంలో క్రమంగా హైడ్రోఫ్లోరోఆల్కేన్లు వచ్చాయి.

పరికరాల రకాలు

మీటర్డ్ డోస్ ఇన్‌హేలర్: చిన్న లోహపు డబ్బాలో మందు పీడనంతో నిండి ఉంటుంది. నొక్కగానే తుంపరగా వస్తుంది. నొక్కుతూనే నెమ్మదిగా, లోతుగా పీల్చాలి. ఈ రెండూ ఒకేసారి కుదరనివారు స్పేసర్ అనే గొట్టాన్ని తగిలించుకుంటారు. తుంపర అందులో కాసేపు నిలుస్తుంది, గొంతులో అంటుకునే మందూ తగ్గుతుంది. పసిపిల్లలకు స్పేసర్‌తో పాటు మాస్కు వాడతారు.

డ్రై పౌడర్ ఇన్‌హేలర్: ఇందులో పొడిమందు ఉంటుంది. దాన్ని లోపలికి లాగేది రోగి పీల్చే బలమే కాబట్టి వేగంగా, గట్టిగా పీల్చాలి. భారతదేశంలో విస్తృతంగా వాడే రోటాహేలర్‌లో ప్రతిసారీ ఒక క్యాప్సూల్ పెట్టాలి. ఆ క్యాప్సూల్‌ను మింగకూడదు. టర్బుహేలర్, అక్యుహేలర్‌లలో అనేక మోతాదులు ముందే నింపి ఉంటాయి. చిన్నపిల్లలు, తీవ్ర ఆయాసంలో ఉన్నవారు తగినంత బలంగా పీల్చలేకపోవచ్చు.

సాఫ్ట్ మిస్ట్ ఇన్‌హేలర్: స్ప్రింగ్ ఒత్తిడితో ద్రవమందు మెల్లగా కదిలే మంచులా వెలువడుతుంది. రెస్పిమాట్ ఈ కోవలోది.

మందుల రకాలు

రిలీవర్లు: సాల్బుటమాల్, లెవోసాల్బుటమాల్ బిగుసుకున్న శ్వాసనాళాల కండరాలను నిమిషాల్లో సడలిస్తాయి. ప్రభావం 4 నుంచి 6 గంటలు ఉంటుంది. అసలు జబ్బైన లోపలి వాపును ఇవి తగ్గించవు.

కంట్రోలర్లు: బ్యూడెసోనైడ్, ఫ్లూటికాసోన్ వంటి స్టెరాయిడ్లు ఆ వాపును తగ్గిస్తాయి. పూర్తి ఫలితానికి వారాలు పట్టవచ్చు. ఆయాసం లేని రోజుల్లోనూ వైద్యుడు చెప్పినట్లు వాడుతూ ఉండాలి.

మిశ్రమ ఇన్‌హేలర్లు: వీటిలో స్టెరాయిడ్‌తో పాటు దీర్ఘకాలం పనిచేసే మందు ఉంటుంది. అలాంటి మందుల్లో ఫార్మోటెరాల్ త్వరగా పనిచేస్తుంది కాబట్టి బ్యూడెసోనైడ్-ఫార్మోటెరాల్ మిశ్రమాన్ని తక్షణ ఉపశమనానికీ సూచిస్తారు. నెమ్మదిగా పనిచేసే సాల్మెటెరాల్ అందుకు పనికిరాదు. పెద్దలకు, కౌమారులకు స్టెరాయిడ్ లేకుండా సాల్బుటమాల్ వంటి రిలీవర్ ఒక్కటే ఇవ్వడాన్ని అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శక సంస్థ గినా 2019 నుంచి సిఫార్సు చేయడం లేదు.

వాడకంలో జాగ్రత్తలు

పరికరం ఏదైనా, ముందు ఊపిరి పూర్తిగా బయటికి వదలాలి. మందు పీల్చాక సుమారు 10 సెకన్లు, లేదా వీలైనంతసేపు, ఊపిరి బిగబట్టాలి. పొడిమందు పరికరంలోకి ఊపిరి వదిలితే తేమకు పొడి ముద్దకడుతుంది. స్టెరాయిడ్ వాడాక నోరు పుక్కిలించి ఉమ్మాలి. లేకుంటే నోటిలో ఫంగస్ వల్ల తెల్లటి పూత రావచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. రిలీవర్ అవసరం మునుపటికంటే తరచుగా పడుతోందంటే ఉబ్బసం అదుపు తప్పుతోందని గ్రహించి వైద్యుణ్ణి కలవాలి.