స్తనములోని గడ్డలు - అతిధ్వనితో కాఠిన్య పరీక్ష

కొల్లాపురము సంతలో మామిడిపండ్లు కొనువారు పండును బొటనవ్రేలితో మెల్లగా నొక్కి చూచెదరు. పైకి ఒకే రంగున నున్న రెండు పండ్లలో ఏది మాగినదో, ఏది లోపల గట్టిగా నున్నదో వ్రేలు చెప్పును. స్తనములోని గడ్డను పరీక్షించు వైద్యునికి గల మొదటి సూత్రము కూడ ఇదియే. ఈ సూత్రము వ్రేలినుండి యంత్రమునకు ఎట్లు చేరినదో తెలిసికొందము.

ఇది మిక్కిలి ప్రాచీనమైన విద్య. క్రీ. పూ. 1600 ప్రాంతమున వ్రాయబడిన ఈజిప్టు శస్త్రవైద్య గ్రంథము, ఎడ్విన్ స్మిత్ పపైరస్, స్తనముపై ఉబ్బిన గడ్డలను చేతితో తాకి పరీక్షించు విధమును చెప్పి, వానికి చికిత్స లేదని ముగించినది. కాన్సరు గడ్డ చుట్టును పీచువంటి కొల్లాజెన్ దట్టముగా అల్లుకొనుటచే అది సాధారణముగా గట్టిపడును. యువతులలో తరచుగా కనబడు ఫైబ్రోఅడినోమా అను నిరపాయమైన గడ్డ వ్రేలిక్రింద జారిపోవుచుండును. కాని లోతున నున్న చిన్న గడ్డ వ్రేలికి అందదు. అందినను, ఇద్దరు వైద్యుల వ్రేళ్ళు ఒకే మాట చెప్పవు. కాఠిన్యమును కొలుచుట యెట్లు?

1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు, కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. ఆ స్ఫటికములతోనే మొదటి ప్రపంచయుద్ధ కాలమున లాంజెవిన్ నీటిలో అతిధ్వని తరంగములను పంపి, జలాంతర్గాములను వెదకు ఉపాయము కనిపెట్టెను. 1952లో అమెరికాలో జాన్ వైల్డ్, జాన్ రీడ్ అనువారు ఇట్టి ప్రతిధ్వనులతో స్తనములోని గడ్డలను పరిశీలించిరి. అయితే ప్రతిధ్వని గడ్డ ఆకారమును చూపునేకాని కాఠిన్యమును చూపదు. శరీరములోని మెత్తని కణజాలములన్నిటను ఈ ధ్వని వేగము సెకనుకు సుమారు 1540 మీటర్లు. మెత్తని భాగమునకు, గట్టి భాగమునకు ఇందులో భేదము స్వల్పము.

ధ్వనివేగమును బట్టి పదార్థముల స్థితిస్థాపకతను కొలుచుట భౌతికశాస్త్రజ్ఞులకు క్రొత్త కాదు. 1940 దశకములో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య సూరి భగవంతము, భీమసేనాచారి అతిధ్వనులతో స్ఫటికముల స్థితిస్థాపక గుణకములను కొలిచిరి. భగవంతముగారు తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులైరి. స్ఫటికము వేరు, మాంసము వేరు. కాని తరంగవేగము పదార్థముయొక్క స్థితిస్థాపకతను, సాంద్రతను అనుసరించునను నియమము రెంటికిని ఒక్కటే.

శరీరములో మొదట ఫలించినది వేరొక మార్గము. 1991లో అమెరికాలోని హ్యూస్టన్ నగరమున జోనథన్ ఓఫీర్ బృందము, కణజాలమును కొంచెము నొక్కి, నొక్కుటకు ముందును పిమ్మటను వచ్చిన ప్రతిధ్వనులను కంప్యూటరుతో పోల్చెను. మెత్తని భాగము ఎక్కువగా అణగును. గట్టి భాగము తక్కువగా అణగును. ఈ భేదమును చిత్రముగా చూపు పద్ధతికి ఎలాస్టోగ్రఫీ అని పేరు పెట్టిరి. 1997లో ప్రకటింపబడిన తొలి రోగి పరీక్షలలో, కాన్సరు గడ్డలు మామూలు ప్రతిధ్వని చిత్రములోకంటె కాఠిన్య చిత్రములో పెద్దవిగా కనబడెను.

జపానులోని సుకుబా వైద్యులు ఈ చిత్రములను ఐదు తరగతులుగా విభజించి, 2006లో 111 గడ్డల ఫలితములను ప్రకటించిరి. కాన్సరు గడ్డలు 52లో 45 పట్టుబడినవి, ఏడు తప్పించుకొన్నవి. నిరపాయమైనవి 59లో ఆరు మాత్రమే అనుమానమునకు గురియైనవి.

నొక్కు చేయి మారినచో చిత్రము కొంత మారును. ఈ లోపమును తొలగింప, 2004 నాటికి పారిస్‌లో మథియాస్ ఫింక్ బృందము, అతిధ్వనితోనే లోపల చిన్న త్రోపు కలిగించి, అందువలన ప్రక్కకు వ్యాపించు షియర్ తరంగముల వేగమును కొలిచెను. సాంద్రతను, వేగము వర్గమును, 3ను గుణించినచో యంగ్ గుణకము వచ్చును. సాంద్రత ఘనపు మీటరుకు 1000 కిలోగ్రాములనుకొనుడు. వేగము సెకనుకు 2 మీటర్లయినచో గుణకము 12 కిలోపాస్కళ్ళు. 6 మీటర్లయినచో 108. వేగము మూడురెట్లయిన కాఠిన్యము తొమ్మిది రెట్లగును!

అయినను ఈ సంఖ్యయే తీర్పు కాదు. శ్లేష్మమువంటి పదార్థముతో నిండిన కొన్ని కాన్సరులు మెత్తగా నుండును. సున్నము చేరిన పాత ఫైబ్రోఅడినోమా రాయివలె నుండును. అందుచేతనే 2013లో అమెరికా రేడియాలజీ కళాశాల తన స్తన పరీక్షా ప్రమాణములలో కాఠిన్యమును సహాయక లక్షణముగానే చేర్చినది. అనుమానము స్వల్పముగా నున్న గడ్డలలో సూది పరీక్ష ఎవరికి అవసరమో నిర్ణయించుటకు ఇది తోడ్పడును. తుది నిర్ణయము మాత్రము గడ్డనుండి తీసిన ముక్కను సూక్ష్మదర్శినిలో చూచిన పిమ్మటనే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016లో జిల్లాలైనవి. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. మునుపటికంటె వైద్యుడు దగ్గరయ్యెను. కాని నొప్పి లేదని గడ్డను దాచుకొను తల్లులు మన గ్రామములలో నేటికిని గలరు. కాన్సరు గడ్డ తొలిదశలో సాధారణముగా నొప్పి పెట్టదు. నొప్పి లేకపోవుట అభయము కాదు. 2016 నాటి జాతీయ మార్గదర్శకములు 30 ఏండ్లు దాటిన స్త్రీలకు ఐదేండ్ల కొకసారి శిక్షణపొందిన ఆరోగ్యకార్యకర్తచే స్తనపరీక్ష జరుగవలెనని చెప్పినవి. యంత్రము తనయెదుటికి వచ్చిన గడ్డనే కొలువగలదు. కావున ఉపాధ్యాయులు స్థితిస్థాపకత పాఠము చెప్పునపుడు ఈ విషయమును కూడ చెప్పినచో, విద్యార్థులద్వారా అది ఇంటింటికిని చేరగలదు.