మీట నొక్కగానే మోగే బాణీ

కర్ణాటకలోని చాకవేలు వైపు పల్లెల్లో ఇంటి మాట తెలుగు, బడి మాట కన్నడం. రేడియోలో మాత్రం ఈ తేడా కార్యక్రమాలు మొదలయ్యాకే తెలిసేది. బెంగళూరు కేంద్రం పెట్టినా, కడప కేంద్రం పెట్టినా పొద్దున్నే ముందుగా వినబడేది ఒకే బాణీ. తంబురా శ్రుతి మీద వయొలిన్ పలికే ఆ శివరంజని ఛాయల స్వరాన్ని కూర్చింది వాల్టర్ కౌఫ్‌మన్ అంటారు. ఆయన 1934లో చెకోస్లొవేకియా నుంచి బొంబాయి చేరిన యూదు సంగీతకారుడు. తర్వాత అక్కడి ఆకాశవాణిలో పనిచేశాడు.

ఆ బాణీ వినపడితే కేంద్రం దొరికినట్టే. వార్తలు వచ్చేలోగా ముల్లు సరిచేసుకునే వ్యవధి ఉండేది. కంప్యూటర్ ఆన్ చేయగానే మోగే శబ్దం కూడా మొదట అలంకారంగా రాలేదు, పని మీదే వచ్చింది.

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ తనను తాను పరీక్షించుకుని, అంతా బాగుంటే ఒక్కసారి బీప్ అనేది. తెర వెలగకముందే ఏదైనా చెడితే చెప్పడానికి దానికి వేరే దారి లేదు. ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీపులు వస్తే లోపం డిస్‌ప్లే కార్డు దగ్గర ఉన్నట్టు. మెకానిక్‌కు కంటికన్నా ముందు చెవి పని చేయాల్సి వచ్చేది.

ఆ బీప్‌ను సంగీతం చేసిన ఘనత ఆపిల్‌ది. 1984 నాటి మొదటి మాకింటాష్ కూడా బీప్‌తోనే లేచేది. 1991లో ఆ కంపెనీ ఇంజినీరు జిమ్ రీక్స్ క్వాడ్రా యంత్రాల కోసం సి మేజర్ స్వరమేళాన్ని కూర్చాడు. అప్పటి మాకింటాష్‌లు తరచూ మొరాయించేవి. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ వినాల్సిన శబ్దం చిరాకు పెట్టకూడదన్నది ఆయన పట్టుదల.

విండోస్ 95 కోసం మైక్రోసాఫ్ట్ సంగీతకారుడు బ్రయన్ ఈనోను ఆశ్రయించింది. స్ఫూర్తి, ఆశ, భావోద్వేగం అంటూ విశేషణాల జాబితా ఇచ్చి, అన్నీ మూడుంబావు సెకన్లలో ఇమడాలంది. ఆయన 84 ముక్కలు కూర్చాడు. పైగా అవన్నీ చేసింది మాకింటాష్ మీదే అని తర్వాత ఆయనే చెప్పాడు.

మన దగ్గర ఇంటికి వచ్చిన కంప్యూటర్లలో చాలా వాటికి కంపెనీ పేరే ఉండేది కాదు. బెంగళూరు ఎస్.పి. రోడ్డులోనో, సికింద్రాబాద్ సీటీసీలోనో బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్, క్యాబినెట్ విడివిడిగా కొని బిగించిన 'అసెంబుల్డ్' పెట్టెలవి. విడిభాగాలు ఎంచుకున్నవాడికి శబ్దాన్ని ఎంచుకునే వీలూ ఉండేది. విండోస్ 98, ఎక్స్‌పీల కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్స్ తెరిచి 'స్టార్ట్ విండోస్' ఎదుట నచ్చిన వేవ్ ఫైలు పెడితే చాలు. ఎంపీ3 ఒప్పుకోదు కాబట్టి పాట ముక్కను ముందు వేవ్‌లోకి మార్చుకోవాలి.

తర్వాత వచ్చిన విండోస్ విస్టా ఆ తలుపు మూసింది. గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ తదితరులు కలిసి చేసిన దాని శబ్దాన్ని ఇమేజ్‌రెస్ అనే సిస్టమ్ ఫైలులో దాచారు. వాడేవాడికి మిగిలింది మోగించాలా వద్దా అనే టిక్కు ఒక్కటే. 2012లో విండోస్ 8 ఆ టిక్కు పెట్టకుండా మౌనంగా వచ్చింది. 2016లో ఆపిల్ కూడా కొత్త మ్యాక్‌బుక్ ప్రోలో మేళం ఆపింది. 2020లో మ్యాక్‌ఓఎస్ బిగ్ సర్‌తో దాన్ని మళ్లీ పెట్టుకునే వీలు ఇచ్చింది. మరుసటి ఏడు విండోస్ 11 కొత్త శబ్దంతో లేచింది.

ఇంట్లో బిగించుకునేవాళ్లకు ఈ రానుపోనులతో నిమిత్తం లేదు. విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్‌కు లాగిన్ వేళ ఒక చిన్న స్క్రిప్ట్ అప్పగించవచ్చు. రాస్ప్‌బెర్రీ పై లాంటి లినక్స్ బోర్డు మీద సిస్టమ్‌డీ సర్వీసు రాసి ఏప్లే ఆదేశంతో ఫైలు మోగించవచ్చు. సౌండ్ డ్రైవర్ లోడయ్యాకే ఆ సర్వీసు నడిచేలా వరుస చూసుకోవాలి, లేకపోతే ఏమీ వినపడదు. అంతకుముందే పలికే పాత బీప్ కావాలంటే, చాలా మదర్‌బోర్డుల్లో ఇప్పటికీ ఉన్న నాలుగు స్పీకర్ పిన్నులకు చిన్న స్పీకర్ తగిలించాలి. అది విడిగా కొనాలి.