ఆడ కొండచిలువ ఖరీదు

ఘనా, టోగో, బెనిన్ దేశాల్లో ఎలుక బొరియల్లోనూ పాడుబడ్డ చెదపుట్టల్లోనూ తలదాచుకునే చిన్న కొండచిలువ బాల్ పైథాన్. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. ఆ పేరు అందుకే వచ్చింది. బెనిన్‌లోని విదా పట్టణంలో ఈ పాములకు ఏకంగా గుడే ఉంది. అలాంటి జీవి 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో అమెరికా దుకాణాల్లో చవక సరుకైంది. అడవిలో పట్టినవి కొన్ని, గుడ్లతో ఉన్న తల్లుల్ని తెచ్చి పొదిగించిన పిల్లలు మరికొన్ని ఓడరేవులు, విమానాశ్రయాలు దాటేవి. ఇంట్లో పెట్టుకు చూసుకునేవాడికి అది ఆడదైనా మగదైనా ఒకటే. 1992లో బాబ్ క్లార్క్ అనే పెంపకందారు నలుపు వర్ణకం లేని అల్బినో పాముల్ని పుట్టించి, ఆ రంగు తరతరాలకూ దిగుతుందని రుజువు చేశాక లెక్క మారింది. పాముతో పాటు దాని సంతానాన్నీ బేరం చెయ్యడం అప్పుడు మొదలైంది.

ఈ బేరంలో ఆడపాము ఖరీదు ఎక్కువ. ఎందుకని అడిగితే, చాలామందికి ముందు తోచే జవాబు కొరత. అది నిలవదు. పిల్లల్లో ఆడా మగా సుమారు సమానంగానే పుడతాయి. అసలు కొరత కాలానికి. మగది ఏడాది, ఏడాదిన్నరకే జతకు సిద్ధమవుతుంది. ఆడదానికి సాధారణంగా మూడేళ్లు పడుతుంది. ఒంటి బరువు ఒకటిన్నర కిలోకు చేరితే తప్ప పెంపకందారులు జత కట్టనివ్వరు. అంతా చేస్తే ఏడాదికొక్కసారి సుమారు ఆరు గుడ్లు పెడుతుంది, ఒళ్లు కోలుకోకపోతే ఆ ఏడాది అదీ ఉండదు. అదే మగది ఒక్క రుతువులో ఐదు ఆడపాములతో కలిస్తే సుమారు ముప్పై గుడ్లకు తండ్రి. మన పల్లెల్లో పాడిగేదె ధర దున్నకు పలకకపోవడం వెనకా ఇలాంటి లెక్కే ఉంది. అల్బినో రంగు బయటపడాలంటే ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా రావాలి. అల్బినో మగదాన్ని మామూలు ఆడదానితో కలిపితే పుట్టిన కూతుళ్లకు రంగు కనిపించదు, జన్యువు మాత్రం ఉంటుంది. వాటిని మూడేళ్లు పెంచి మళ్లీ జత కట్టాలి. పెంపకందారు మదుపు పెట్టిన ఏళ్లన్నీ ఆ కూతుళ్ల ఒంట్లోనే ఉంటాయి.

మేపిన ఖర్చే ధరగా మారిందని వాదించవచ్చు. కానీ నిన్న గుడ్డు చీల్చుకుని వచ్చి ఇంకా ఒక్క ఎలుకా తినని ఆడపిల్లకూ ధర ఎక్కువే. అది ముందున్న ఈతలకు కట్టే వెల. కొత్త రంగు మొదట మగదానిలో దొరికితే దానికే పెద్ద ధర పలుకుతుంది కదా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. నిజమే, ఆ రంగును వేగంగా వ్యాపింపజేసేది అదే. అయితే కొడుకులు పదిమంది చేతికీ చేరగానే ఆ మెరుపు తగ్గిపోతుంది. బనానా అనే పసుపురంగు రకం దీన్ని మరో వైపు నుంచి చూపించింది. జన్యువు తండ్రి నుంచి వచ్చిన బనానా మగదానికి పుట్టే పసుపు పిల్లలు దాదాపు అన్నీ మగవే. తల్లి నుంచి వచ్చినదానికైతే ఎక్కువ ఆడవే. కొండచిలువల్లో లింగాన్ని నిర్ణయించేది మనుషుల్లో మాదిరి ఎక్స్-వై పద్ధతేనని 2017లో శాస్త్రవేత్తలు తేల్చడంతో దీని కారణం తెలిసింది: బనానా జన్యువు ఆ లింగ క్రోమోజోముల మీదే ఉంది. అంతకు ముందే పెంపకందారులు ఆడపిల్లల్నిచ్చే మగపాముల కోసం వెతకడం మొదలుపెట్టారు.