అతుకు లేని బొమ్మ

ప్లాస్టిక్ మోడల్ కిట్లు మనవాళ్ళలో చాలామందికి ఆన్‌సైటుకి వెళ్ళాకే పరిచయం. డబ్బాలో ఫ్రేముకి అంటుకుని వచ్చే ముక్కలు, గమ్ము ట్యూబు, బుల్లి రంగు సీసాలు. 1936లో ఇంగ్లండులో ఫ్రాగ్ కంపెనీ పెంగ్విన్ పేరుతో ఇలాంటివి అమ్మింది. ఎయిర్‌ఫిక్స్ వాళ్ళ స్పిట్‌ఫైర్ 1953లో వచ్చింది. పాలిస్టైరీన్‌కి వాడే ఆ గమ్ము నిజానికి గమ్ము కాదు, ద్రావకం. రెండు అంచుల్నీ కాస్త కరిగించి ఒకటి చేసేస్తుంది. తర్వాత సందులు పుట్టీతో పూడ్చి, గరుకు కాయితంతో రుద్ది, ప్రైమరు కొట్టి, అప్పుడు రంగు వెయ్యాలి.

ఇదంతా కొండపల్లివాళ్ళకి చెప్తే నవ్వుతారు. తేలికైన తెల్లపొణికి చెక్కని వేడి మీద ఆరబెట్టి, ఏనుగు, అంబారీ, మావటివాడు దేనికది చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పైన సున్నం పూసి రంగులేస్తారు. పుట్టీ, ప్రైమరు, పెయింటు అన్నీ ఉన్నాయి, డబ్బా తప్ప!

మరి మా తిరుపతి బొమ్మో? దీనికి పూర్తిగా రివర్సు. కొండకొచ్చినవాళ్ళు కొనుక్కెళ్ళే ఆడ, మగ జంట బొమ్మలు ఒక్కోటీ ఒకే ఎర్రచందనం ముక్కలో చెక్కినవి. గమ్ము లేదు, రంగు లేదు. మన భాషలో మోనోలిత్ అన్నమాట. చేతులు ఒంటికి అంటుకునే ఉంటాయి, బయటికి పొడుచుకొచ్చేదేదీ ఉండదు. యాత్రికుడి మూటలో విరక్కుండా ఊరు చేరాలి కదా, అందుకే అలా చెక్కారని నా ఊహ. అరవవాళ్ళు వీటినే మరపాచ్చి అంటారు, కొత్త పెళ్ళికూతురికి ఇస్తారు, దసరా కొలువులో పెడతారు.

రంగు ఎందుకు వెయ్యలేదంటే, ఆ చెక్కే రంగు. యూరపువాళ్ళు బట్టల అద్దకానికి ఓడల్లో తెప్పించుకున్న సరుకది. నీళ్ళలో వేస్తే మునిగేంత బరువు. తెల్లపొణికి బొమ్మకి పైపూత కావాలి, దీనికి నున్నగా రుద్దితే చాలు.

చిక్కల్లా ఆ చెట్టుతోనే. ప్రపంచం మొత్తంలో సహజంగా పెరిగేది శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, ఆ చుట్టుపక్కల కొండల్లోనే. చైనాలో కుర్చీలకి కావాలి, జపానులో షామిసెన్ అనే తంతివాద్యానికి కావాలి. 1995లో సైటిస్ జాబితాకెక్కింది, దొంగరవాణా మాత్రం ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చచ్చిపోయారు. అందరూ తమిళనాడువాళ్ళు. స్మగ్లర్లని ఒకరు, కూలీలని ఇంకొకరు వాదించుకున్నారు. కంటెయినర్ల లెక్కన పోయే దుంగల ముందు జానెడు బొమ్మకి పట్టే చెక్క ఎంతండీ? అయినా నిబంధన ఇద్దరికీ ఒకటే, దాని బరువు మోసేది మాత్రం చెక్కేవాడు.

శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో ఇప్పటికీ ఉలి మోగుతోంది, ఎక్కువగా వేరే చెక్కల మీద. తిరుపతి దుకాణాల్లో ముందు వరసల్లో ఉండేవి అచ్చుపోసిన ప్లాస్టిక్కు, రెజిన్ బొమ్మలు. ఈసారి వెళ్ళినప్పుడు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. పైన బంగారు రంగు తళతళలాడుతుంటుంది, చెవి వెనక మాత్రం రెండు సగాలు కలిసిన గీత కనిపిస్తుంది. పుట్టీ కూడా పెట్టరు.