డిస్కులో పట్టునదెంత?

ఆనందపురం పూలబజారునుండి బయలుదేరు లారీలో ఎన్ని పూలు పట్టునన్నది లారీ పొడవుపైననే కాక, బుట్టల పరిమాణముపైన కూడ ఆధారపడును. కిలో పూలకొక బుట్ట చొప్పున సర్దినచో, బుట్టల నడుమ సందులే చాల చోటు తినివేయును. మెయిన్‌ఫ్రేములనబడు పెద్ద కంప్యూటర్ల డిస్కుల చరిత్రలోను ఇదే లెక్క కనబడును.

1956లో ఐ.బి.యం. కంపెనీ వెలువరించిన రామాక్ యంత్రమున 50 డిస్కులు, అనగా 100 ముఖములుండెను. ముఖమునకు 100 ట్రాకులు, ట్రాకునకు 5 గదులు, గదికి 100 అక్షరములు. వెరసి 50 లక్షల అక్షరములు. గది కొలత మారదు గనుక లెక్క సులభము. కాని గదిలో 60 అక్షరములే వ్రాసినచో తక్కిన 40 వృథా.

1964లో ప్రకటింపబడిన సిస్టమ్ 360 ఈ కట్టడిని తొలగించెను. ఎవరికి తగిన పొడవున వారు బ్లాకులను ఏర్పరచుకొనవచ్చును. అయితే ప్రతి బ్లాకునకు ముందు దాని గుర్తు, బ్లాకుల నడుమ కొంత ఖాళీ ఉండితీరవలెను. డిస్కు తిరుగుచుండగా ఒక బ్లాకు ముగిసి మరియొకటి వచ్చులోపల యంత్రమునకు వ్యవధి కావలెను గదా!

ఆ యంత్రముతో వాడిన 2311 డిస్కులో ట్రాకు సామర్థ్యము 3,625 బైట్లు. ఒక పంచికార్డులోని 80 అక్షరములను ఒక్కొక్క బ్లాకుగా వ్రాసినచో ట్రాకులో 25 కార్డులే పట్టును. అనగా 2,000 బైట్లు, నూటికి 55 వంతులు. 45 కార్డులను ఒకే బ్లాకుగా కూర్చినచో 3,600 బైట్లు దక్కును. మరి అందరును అట్లేల చేయలేదు? బ్లాకు మొత్తము మెమరీలో ఇమడవలెను. మోడల్ 30 యంత్రములలో చిన్నదాని మెమరీ 8,192 బైట్లు మాత్రమే. ఒక బ్లాకుపై పనిచేయుచు మరియొకదానిని చదువుటకై రెండింటికి చోటుంచినచో, ప్రోగ్రామునకు వేయి బైట్లు కూడ మిగులవు. పదేసి కార్డుల బ్లాకులైనచో ట్రాకునకు 40 కార్డులు పట్టును, మెమరీయు మిగులును.

1989లో వచ్చిన 3390 డిస్కులో ట్రాకు సామర్థ్యము 56,664 బైట్లకు పెరిగెను. అక్షరములు దగ్గరగా చేరినంతగా నడుమ ఖాళీలు తగ్గలేదు. అందుచే విడి కార్డులు ట్రాకునకు 78 మాత్రమే పట్టును. నూటికి 11 వంతులే ఉపయోగము! 349 కార్డులకొక బ్లాకు చొప్పున రెండు బ్లాకులు వ్రాసినచో 698 కార్డులు పట్టును. లక్ష కార్డులకు మొదటి పద్ధతిలో 1,283 ట్రాకులు, రెండవ పద్ధతిలో 144 ట్రాకులు కావలెను.

నేటి మెయిన్‌ఫ్రేముల నిల్వ పరికరములలో అట్టి ట్రాకులు నిజముగా లేకపోయినను, లెక్క 3390 కొలతలతోనే సాగుచున్నది. కావున డిస్కు సామర్థ్యమును చెప్పు సంఖ్యను చూచినప్పుడు, అందులో వ్రాయబోవు బ్లాకు పొడవెంతయని కూడ విద్యార్థులు అడుగవలెను.